గొడ్ల చావిడి గాలి ఉబ్బసానికి మంచిదా, చెడ్డదా? మా బాబు గురించి అడుగుతున్నాను

కొండపి కోడలు

అందరికీ నమస్కారం. మాది కొండపి వైపు ఒక పల్లె. మా ఆయన ఉద్యోగం వల్ల ఒంగోలులో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. బాబుకి ఏడేళ్లు. నాలుగో ఏట నుంచి ఉబ్బసం ఉంది. డాక్టరు గారు రోజూ వాడమని ఒక ఇన్‌హేలర్, ఆయాసం వచ్చినప్పుడు వాడమని నీలం రంగుది ఒకటి రాశారు. స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టి ఇస్తున్నాను.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాం. అప్పుడు మామయ్య వాళ్ల బ్యారన్‌లో, అంటే కట్టెల మంట వేడితో పొగాకు ఆకుని ఆరబెట్టే కొట్టంలో, పొగాకు కాలుస్తున్నారు. రాత్రి బాబుకి పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంట పడుతోంది. ఏమైనా అడిగితే రెండు మాటలు చెప్పి ఆగిపోతున్నాడు. అర్ధరాత్రి కారు మాట్లాడుకుని ఒంగోలు తీసుకొచ్చి నెబ్యులైజర్ పెట్టించాం.

ఇప్పుడు ఎండాకాలం సెలవులు వస్తున్నాయి. మామయ్య ఏమంటారంటే, "మా కాలంలో పిలకాయలంతా గొడ్ల మధ్యే పెరిగారు, ఎవరికుంది ఈ ఉబ్బసం? ఫ్లాట్‌లో పెట్టి పెంచి వాణ్ణి సున్నితం చేశారు. సెలవులంతా ఇక్కడ వదిలెయ్యండి, చావిట్లో ఆవుల దగ్గర తిరిగితే అదే పోతుంది." ఫోన్‌లో ఏదో చదివారట, ఫారిన్‌లో పశువులు పెంచే వాళ్ల పిల్లలకి ఉబ్బసం తక్కువని. డాక్టరు గారేమో దుమ్ము, పొగ తగలనివ్వొద్దన్నారు. మా ఆయన ఇంకొకటి చదివారు. ఊపిరితిత్తుల్లో పుట్టుకతోనే ఉండే రిసెప్టర్లు కొన్ని ఉంటాయట. ఉబ్బసం తెచ్చేవీ అవేనట, రాకుండా కాపాడేవీ అవేనట. నాకు బుర్ర తిరిగిపోతోంది. అత్తమ్మేమో ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, మానిపించమంటున్నారు.

ఎవరి మాట నిజం? పెద్దాయన్ని నొప్పించకుండా ఏం చెప్పాలి? దయచేసి తెలిసిన వాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు ఫార్మసిస్ట్

అమ్మా, మిగతా సంగతి తెలిసిన వాళ్లు చెప్తారు. ఇన్‌హేలర్ గురించి మాత్రం నేను చెప్తాను, ఎందుకంటే మా కౌంటర్ దగ్గర రోజూ వినే మాట ఇది. ఇన్‌హేలర్ వ్యసనం కాదు. రోజూ వాడేది స్టిరాయిడ్ అయినా మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. అదే స్టిరాయిడ్‌ని మాత్రగా ఇస్తే మిల్లీగ్రాముల్లో ఇవ్వాలి, అది ఒళ్లంతా తిరుగుతుంది. ఇన్‌హేలర్ నేరుగా ఊపిరిగొట్టాలకే వెళ్తుంది. ఏళ్ల తరబడి వాడిన పిల్లల్లో ఎత్తు ఓ సెంటీమీటరు తగ్గొచ్చని తేలింది, అది దాచాల్సిన పని లేదు. కానీ ఆయాసంతో నిద్రలేక, అన్నం సయించక, ఆటలు మానేసిన పిల్లాడికి జరిగే నష్టం ముందు అదెంత? వాడాక నోరు పుక్కిలించి ఉమ్మించండి. బాగున్నాడు కదా అని రోజువారీది మీ అంతట మీరు ఆపొద్దు. చాలామంది నీలం రంగుది ఒక్కటే కొనుక్కుని రెండోది మానేస్తారు. నీలం రంగుది బిగుసుకున్న గొట్టాన్ని కాసేపు వదులు చేస్తుందంతే, లోపలి వాపుని అది తగ్గించదు.

మైక్రోబయాలజీ టీచర్, నెల్లూరు

చెల్లెమ్మా, నేను నెల్లూరులో డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్తాను. డాక్టర్ని కాను, మందుల జోలికి వెళ్లను. కానీ మీరడిగింది నేను ఏటా క్లాసులో చెప్పే పాఠమే, అందులోనూ నాకు చాలా ఇష్టమైన పాఠం. కాస్త ఓపిగ్గా చదవండి.

మీ మామయ్య గారు చదివింది నిజం. డాక్టరు గారు చెప్పిందీ నిజం. మామయ్య గారు చదివిన వార్త ఇంకా ఉబ్బసం రాని పసిబిడ్డల గురించి. డాక్టరు గారి మాట ఉబ్బసం వచ్చిన మీ బాబు గురించి. ఈ రెంటినీ కలిపేస్తేనే ప్రమాదం.

ముందు ఆ రిసెప్టర్ల సంగతి. మన ఒంట్లో రోగనిరోధక శక్తి రెండు రకాలు. ఒకటి జబ్బు వచ్చాకో, టీకా వేశాకో నేర్చుకునేది. రెండోది ఎవరూ నేర్పకుండా పుట్టుకతోనే ఉండేది. ఈ రెండో దానికి ఒక్కో క్రిమి ముఖం గుర్తుండదు. బ్యాక్టీరియా పైపొరలోని కొవ్వు, వైరస్ జన్యు పదార్థం లాంటి, క్రిముల్లో తరచూ కనిపించే ముక్కల్ని మాత్రం పసిగడుతుంది. అలా పసిగట్టే రిసెప్టర్లలో పేరుపడ్డవి టోల్ లైక్ రిసెప్టర్లు, టీఎల్ఆర్ అంటాం. మనుషుల్లో ఇవి పది. జూల్స్ హాఫ్‌మన్ బృందం 1996లో పండ్ల ఈగల్లో టోల్ జన్యువు బూజు నుంచి కాపాడుతోందని చూపింది. 1998లో బ్రూస్ బాయిట్లర్ ఎలుకల్లో టీఎల్ఆర్4 దేన్ని పసిగడుతుందో తేల్చారు. 2011లో వీళ్లిద్దరూ రాల్ఫ్ స్టైన్‌మన్‌తో కలిసి నోబెల్ పంచుకున్నారు.

ఆ టీఎల్ఆర్4 పసిగట్టేది ఎండోటాక్సిన్‌ని. ఈ.కోలై లాంటి, గ్రామ్ నెగెటివ్ అనే రకం బ్యాక్టీరియా పైపొరలో ఉంటుంది అది. బ్యాక్టీరియా చచ్చినా ఎండోటాక్సిన్ చావదు, ఎండిపోయి దుమ్ములో కలిసి గాలికి లేస్తుంది. ఆవు పేడ, ఎండుగడ్డి, వడ్ల తవుడు, పొగాకు ఆకు దుమ్ము, అన్నిట్లోనూ ఉంటుంది. సిగరెట్ పొగలో కూడా ఉందని తేల్చారు. దాన్ని కొలవడానికి గుర్రపునాడా పీత రక్తం వాడతారు. ఎండోటాక్సిన్ తగలగానే ఆ నీలం రక్తం గడ్డకట్టుకుపోతుంది. ఈ రకం పీతలు ఒడిశా తీరంలో కూడా ఉంటాయి, మా పిల్లలకి ఈ ముక్క చెప్తే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

ఇక ఉబ్బసానికి వద్దాం. మన పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించని డస్ట్ మైట్లు అనే పురుగులు ఉంటాయి. చాలామంది పిల్లల ఉబ్బసానికి మూలం వీటి రెట్టలు, ఒంటి పొట్టు. ఊపిరిగొట్టం లోపలి గోడకి ఒక కణాల వరుస పరిచి ఉంటుంది. మైట్ రెట్టలోని డెర్ పి 1 అనే ఎంజైమ్ ఆ కణాల మధ్య అతుకుల్ని కోసేస్తుంది. డెర్ పి 2 అనే మైట్ ప్రోటీన్ ఇంకా తెలివైనది. టీఎల్ఆర్4 పక్కన ఎండీ-2 అనే చిన్న ప్రోటీన్ ఉంటుంది, ఎండోటాక్సిన్‌ని పట్టి రిసెప్టర్‌కి అందించడం దాని పని. డెర్ పి 2 ఆకారంలో ఆ ఎండీ-2కి దగ్గరగా ఉంటుంది, దాని పనే చేసేస్తుంది. 2009లో బయటపడింది ఈ సంగతి. దానివల్ల ఏమవుతుందంటే, దుమ్ములో ఉన్న కొద్దిపాటి ఎండోటాక్సిన్‌కే రిసెప్టర్ పెద్దగా స్పందిస్తుంది. ఆ ఏడాదే ఇంకో ప్రయోగంలో ఎలుకల ఊపిరితిత్తుల గోడ కణాల్లో టీఎల్ఆర్4 లేకుండా చేశారు. వాటికి మైట్ పొడి పీల్పించినా ఉబ్బసం రాలేదు. రక్తకణాల్లో టీఎల్ఆర్4 ఉందా లేదా అన్నది అంతగా లెక్కలోకి రాలేదు. అంటే గొడవ మొదలయ్యేది ఊపిరిగొట్టం గోడ దగ్గరే.

గోడ కణాలు రెచ్చిపోతే టీఎస్ఎల్‌పీ, ఐఎల్-33, ఐఎల్-25 అనే సంకేతాలు వదులుతాయి. వాటిని అందుకున్న కణాలు ఐఎల్-5, ఐఎల్-13 వదులుతాయి. మొదటి దాంతో ఇసినోఫిల్ అనే తెల్లరక్తకణాలు వచ్చి చేరతాయి, రెండో దాంతో చీమిడి లాంటి జిగురు ఊరుతుంది, గొట్టం తేలిగ్గా బిగుసుకుంటుంది. మీరు చూసిన ఆ పక్కటెముకల మధ్య గుంట ఇదే. బిగిసిన గొట్టాల గుండా గాలి లాగాలని పిల్లాడు ఛాతీ బలమంతా పెడుతున్నాడన్నమాట. అలా కనిపించినా, వాక్యం పూర్తిచేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా ఇంట్లో క్షణం ఆగొద్దు. మీరు ఆ రాత్రి చేసింది సరిగ్గా సరైన పని.

మరి అదే ఎండోటాక్సిన్ కాపాడటమేంటి? మామయ్య గారు చదివింది బహుశా ఆమిష్, హట్టరైట్ కుటుంబాల సంగతి అయ్యుంటుంది. అమెరికాలో ఉంటారు, యూరప్ నుంచి వెళ్లిన వాళ్లు, రెండు జాతుల జన్యువులూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆమిష్ వాళ్లు ఇంటి పక్కనే ఆవుల్ని పెట్టుకుని గుర్రాలతో సేద్యం చేస్తారు. హట్టరైట్లు ఊరికి ఎడంగా పెద్ద పెద్ద ఉమ్మడి డెయిరీలు, యంత్రాలు పెట్టారు. బడి పిల్లల్లో ఉబ్బసం ఆమిష్ వాళ్లలో 5.2 శాతం, హట్టరైట్లలో 21.3 శాతం. 2016లో అచ్చయిన పరిశోధనలో ఆమిష్ ఇళ్ల దుమ్ములో ఎండోటాక్సిన్ 6.8 రెట్లు ఎక్కువ తేలింది. ఆ దుమ్ముని ఎలుకలకిస్తే అవి ఉబ్బసం నుంచి తప్పించుకున్నాయి. పుట్టుకతో వచ్చే రిసెప్టర్ల కబురు లోపలికి చేరవేసే మైడీ88, ట్రిఫ్ అనే రెండు ప్రోటీన్లు లేని ఎలుకల్లో ఆ రక్షణ పోయింది. అంటే కాపాడిందీ ఆ రిసెప్టర్ల దారే. మీ ఆయన చదివింది ఇదే అయ్యుంటుంది.

తేడా ఎక్కడుందో 2015లో బెల్జియం వాళ్ల ప్రయోగం చూపించింది. ముందుగా కొద్దికొద్దిగా, పదేపదే ఎండోటాక్సిన్ పీల్చిన ఎలుకల గోడ కణాల్లో ఏ20 అనే ప్రోటీన్ పెరిగి రిసెప్టర్ కేకని అదుపులో పెట్టింది. తర్వాత మైట్ పొడి పీల్చినా పెద్దగా రెచ్చిపోలేదు. ఏ20 తీసేస్తే రక్షణ పోయింది. మా వీధి కుక్క రోజూ పాలు పోసే మనిషికి తల కూడా ఎత్తదు, కొత్త మనిషిని చూస్తే వీధంతా లేచేలా మొరుగుతుంది, అలాంటిదే ఇది. పొలం పిల్లలకి ఆ అలవాటు తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి, పుట్టిన మొదటి ఏళ్లలోనే పడుతుంది.

మీ బాబుకి ఆ వయసు దాటిపోయింది. గొట్టం గోడ ఇప్పటికే వాచి ఉంది. ఇప్పుడు అదే ఎండోటాక్సిన్ మంటని పెంచుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ల ఇంటి దుమ్ములో ఎండోటాక్సిన్ ఎంత ఎక్కువుంటే జబ్బు అంత ముదిరి కనిపించిందని బెల్జియంలోనే 1990లలో చూశారు. అందుకే చావిట్లో తిప్పడాన్ని వైద్యంలా చూడొద్దని గట్టిగా చెప్తున్నాను. దీని కోసం ఇన్‌హేలర్ మానిపించడం ఇంకా పెద్ద ప్రమాదం. పచ్చిపాలు తాగించమని కూడా ఎవరైనా చెప్తారు, యూరప్ అధ్యయనాల్లో ఆ మాట వచ్చింది కాబట్టి. వద్దు, కాచే తాగించండి, బ్రూసెల్లా లాంటి క్రిములు పాలలో వస్తాయి.

అలాగని బాబుని తాతకి దూరం చేయాలని కాదు. ఊరు వెళ్లండి. బ్యారన్ కాల్చే రోజుల్లో, ఇంట్లో పొగాకు గ్రేడింగ్ చేసే రోజుల్లో మాత్రం వద్దు. కట్టెల పొగకీ ఆకు దుమ్ముకీ దూరంగా ఉంటే చాలావరకు గండం తప్పుతుంది. ఆవుల్ని బయట చెట్టు కింద కట్టినప్పుడు తాత దగ్గరుండి చూపించనివ్వండి, చావిడి ఊడ్చేటప్పుడు, వరిగడ్డి దులిపేటప్పుడు వాడు లోపలుండకూడదు. పడుకునేది అటక మీద నుంచి దించిన పాత బూరుగు దూది పరుపు మీద కాదు. ఆ పరుపుని ఎండలో వేసి కర్రతో కొడితే ఎండ కిరణంలో లేచే ఆ సన్నటి దుమ్ము చూడండి, మైట్ సంత అంతా అదే. ఇంటి నుంచి దుప్పటి, దిండు పట్టుకెళ్లండి. చుట్టా, మస్కిటో కాయిలూ, సాంబ్రాణీ వాడి గదిలో వెలిగించొద్దు. రెండు ఇన్‌హేలర్లూ స్పేసరూ బ్యాగులో ఉండాలి, అత్తమ్మ గారికి కూడా ఎలా వాడాలో చూపించండి. చేత్తో పట్టుకుని మనవడికి తానే ఇస్తే భయం పోతుంది.

మామయ్య గారికి ఇలా చెప్పి చూడండి: "మామయ్యా, మీరు చదివింది నిజమే. కానీ అది ఇంకా ఉబ్బసం రాని పసిబిడ్డల సంగతి. వీడికి మాత్రం ఉబ్బసం వచ్చేసింది కాబట్టి ఇప్పుడు మందే కావాలి."

కొండపి కోడలు

మేడం, మీ మెసేజ్ మా ఆయనకి చదివి వినిపించాను, ఫోన్లో మామయ్యకి కూడా. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "బ్యారన్ పని ఏప్రిల్ నెలాఖరుకి అయిపోద్ది, మే నెల్లో పంపించండి" అన్నారు.

ఒక్క మాట అడగాలి, ఏమనుకోకండి. అయితే ఫ్లాట్‌లో పెంచడం వల్లే వచ్చిందా? నేను కడుపుతో ఉన్నప్పుడు ఊళ్లోనే ఉండి ఉంటే రాకపోయేదా? ఇది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మైక్రోబయాలజీ టీచర్, నెల్లూరు

లేదు తల్లీ. దయచేసి ఆ మాట మనసులోంచి తీసేయండి.

ఆమిష్ లెక్క గుంపులకి సంబంధించింది. వాళ్లలోనూ ఉబ్బసం వచ్చిన పిల్లలున్నారు. ఏ ఒక్క బిడ్డకీ ఎందుకొచ్చిందో దాన్నిబట్టి చెప్పలేం. జన్యువుల పాత్ర పెద్దది. చిన్నప్పుడొచ్చే ఉబ్బసానికి 17వ క్రోమోజోమ్ మీద ఒక చోటుకీ సంబంధముందని 2007లోనే తేలింది. వైరస్‌ల పాత్ర కూడా పెద్దదే. మామూలు పడిశం తెచ్చే రైనోవైరస్ ఉంది చూడండి, దాని ఆర్‌ఎన్‌ఏని టీఎల్ఆర్3, టీఎల్ఆర్7 లాంటి రిసెప్టర్లు పసిగట్టి, వైరస్‌ని అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ని వదిలించాలి. ఉబ్బసం ఉన్న కొందరి గోడ కణాల్లో ఆ ఇంటర్‌ఫెరాన్ తక్కువగా, ఆలస్యంగా వస్తుందని చూశారు. 1995లో ఇంగ్లండ్‌లో బడి పిల్లల ఆయాసపు దాడుల్ని పరిశీలిస్తే 80 శాతానికి పైగా సందర్భాల్లో ఏదో ఒక వైరస్ దొరికింది. అంటే సంక్రాంతి రాత్రి ఆ పొగతో పాటు చిన్న జలుబు కూడా కలిసుండొచ్చు. జలుబు మొదలవగానే ఏం చేయాలో డాక్టరు గారితో ఒక కాగితం మీద రాయించుకోండి. ఏటా ఫ్లూ టీకా గురించి కూడా అడగండి.

మన పల్లె ఆమిష్ పల్లె కాదన్నది కూడా మర్చిపోకూడదు. మన దగ్గర చావిడితో పాటు కట్టెల పొయ్యి, బ్యారన్, చుట్ట పొగ కూడా ఉన్నాయి. వాటి పొగ ఆ గోడ కణాల్ని గాయపరుస్తుంది. "మా కాలంలో లేదు" అనే మాట మా నాన్న కూడా అనేవారు. మా కావలి వైపు ప్రతి వీధిలోనూ అరుగు మీద కూర్చుని ఒగర్చే ఒక ముసలాయన ఉండేవాడు, ఆయన్ని "ఆయాసం తాత" అనేవాళ్లం. ఆ జబ్బుకి ఎవరూ పేరు పెట్టలేదు, పరీక్ష చేయలేదు, అంతే.

మీది సముద్రం దగ్గరి జిల్లా. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి కదా, ఆ చెమ్మలో మైట్లు బాగా పెరుగుతాయి. ఆ నెలల్లోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. దుప్పట్లు వారానికోసారి బాగా వేడి నీళ్లలో, 55-60 డిగ్రీల్లో ఉతకండి. గోడకి చెమ్మ పడితే బూజు రాకుండా చూసుకోండి.

పీలింగ్ షెడ్ సూపర్‌వైజర్

నమస్తే మేడం. నేను నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో చేస్తాను, ప్లాంట్ పేరు చెప్పను. మీరు రాసింది చదువుతుంటే నా సంగతే అనిపించింది. పీలింగ్ బల్లల దగ్గర ఆడవాళ్లు తొక్క తీస్తుంటే పైపుతో నీళ్లు కొడతాం, ఆ తుంపర మొహం మీదికి వస్తుంది. షిఫ్ట్ సగమయ్యేసరికి నాకు దగ్గు, ఛాతీ బిగుతు. సెలవు రోజు ఏమీ ఉండదు. ఇదివరకు ఉబ్బసం లేదు. రొయ్యలు తింటే ఏమీ కాదు, పీలిస్తే ఎలా వస్తుంది? మా లైన్‌లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లకీ ఇలాగే ఉంది.

మైక్రోబయాలజీ టీచర్, నెల్లూరు

తమ్ముడూ, సెలవు రోజు తగ్గి పనిలో పెరిగిందంటే అది తేలిగ్గా తీసుకునేది కాదు. రొయ్య, పీత ప్రాసెసింగ్‌లో పనివల్ల వచ్చే ఉబ్బసం ప్రపంచమంతటా తెలిసిన జబ్బు. రొయ్య కండలో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉంది. నీళ్లు బలంగా కొట్టినప్పుడు అది తుంపరలో కలిసి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పీలిస్తే ఇబ్బందిపడే వాళ్లలో కొందరికి తిన్నా ఏమీ కాదు, రెండూ కలిసే రావాలని లేదు. తడి నేల, కుళ్లిన తొక్కల దగ్గర గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా బాగా ఉంటుంది కాబట్టి ఆ తుంపరలో ఎండోటాక్సిన్ కూడా వస్తుంది. పైన చెప్పిన గోడ కణాలకి రెండూ ఒకేసారి తగులుతున్నాయన్నమాట. ఇంకో సంగతి, డస్ట్ మైట్‌లో కూడా ట్రోపోమయోసిన్ ఉంది, అది రొయ్యదానికి చాలా దగ్గర. ఒకదానికి పడని వాళ్లకి రెండోది కూడా పడకపోవచ్చు.

పనివల్ల వచ్చే ఉబ్బసంలో ఎంత త్వరగా ఆ గాలి నుంచి బయటపడితే అంత బాగా తగ్గుతుంది, ఏళ్లు గడిస్తే పని మానేసినా నిలిచిపోవచ్చు. కాబట్టి ఛాతీ డాక్టర్ని కలవడం వాయిదా వేయకండి. వెళ్లే ముందు ఒక పీక్ ఫ్లో మీటర్ (ఊదితే గాలి ఎంత వేగంగా బయటికొస్తుందో చూపేది) కొనుక్కోండి, ఖరీదు పెద్దగా ఉండదు. రోజుకి నాలుగుసార్లు ఊదండి: లేవగానే, షిఫ్ట్ మధ్యలో, షిఫ్ట్ అయ్యాక, పడుకునే ముందు. ప్రతిసారీ మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చిన అంకె రాయండి. పని రోజులవీ సెలవు రోజులవీ పక్కపక్కన పెట్టి చూపిస్తే డాక్టరుకి సగం పని అయిపోతుంది. ఆ ఇద్దరు ఆడవాళ్లకి కూడా చెప్పండి, వాళ్లు కూలి పోతుందని భయపడి దాచుకుంటారు. ఈలోగా నీళ్ల ఒత్తిడి తగ్గించమని, బల్లల దగ్గర గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టమని మేనేజర్‌ని అడగండి. సర్జికల్ మాస్క్ ఆ తుంపరని ఆపదు, ఎన్95 కావాలి, అది తడిస్తే మార్చాలి.

పీలింగ్ షెడ్ సూపర్‌వైజర్

మీటర్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను మేడం. ఆ ఇద్దరితో రేపు టీ టైమ్‌లో మాట్లాడతాను. మీటర్ ఒకటే ఉంటే ముగ్గురం వాడుకోవచ్చా?

మైక్రోబయాలజీ టీచర్, నెల్లూరు

వద్దు. ఎవరి మీటర్ వాళ్లకే ఉండాలి. ఒకరి నోటి జలుబు ఇంకొకరికి అంటుతుంది, పైగా ఒక్కో మీటర్ అంకె కాస్త తేడాగా చూపిస్తుంది కాబట్టి ఒక మనిషి మొదటి నుంచి చివరి దాకా ఒకే మీటర్ వాడితేనే లెక్క సరిగ్గా వస్తుంది. ఆ ఆడవాళ్లకి కొనుక్కునే వీలు లేకపోతే ప్రభుత్వాసుపత్రి ఛాతీ విభాగానికి తీసుకెళ్లండి, అక్కడే స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష చేయించమని అడగండి. షిఫ్ట్ ఉన్న రోజే వెళ్లడం మంచిది.